శబ్ద విరమణ నివేదిక

మా ఆఫీసులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పొరపచ్చాలేమీ లేవు. ఒకరింటి ఆవకాయ ఒకరం అడిగి మరీ తినేవాళ్ళమే. మాట్లాడకూడదని సర్క్యులర్ వచ్చింది, అంతే.

మాది రేవులు, బల్లకట్ల శాఖ. వంతెనలు లేని రోజుల్లో మనుషుల్నీ, గేదెల్నీ, ఎడ్లబళ్ళనీ గోదావరి పాయల మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే బల్లకట్లన్నీ మా శాఖ కింద ఉండేవి. తర్వాత వంతెనలు వచ్చాయి, బల్లకట్లు పోయాయి, శాఖ మాత్రం ఉండిపోయింది. కోనపాలెంలోని మా ఉప కార్యాలయం అధీనంలో ఇప్పుడు రెండు బల్లకట్లున్నాయి. వాటిలో ఒకటి నీళ్ళ మీద తేలుతుంది కూడా. వాటి బాగోగులు చూడటానికి పన్నెండుమందిమి ఉన్నాం. నేను అందులో సీనియర్ అసిస్టెంటుని, పేరు భీమశంకరం.

మా అధికారి కొండలరాయుడు గారు స్వతహాగా మంచివారు. ఎటొచ్చీ ఆయన్ని అప్పుడప్పుడూ ట్రైనింగులకు పంపుతుంటారు. పోయిన వేసవిలో ‘ప్రభుత్వోద్యోగులకు ఆధునిక సమాచార మార్పిడి, సాంకేతికత, పని పద్ధతులు’ అనే శిక్షణకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు మెడలో ఒక గుర్తింపు కార్డు, చేతిలో వాళ్ళిచ్చిన స్టీలు నీళ్ళ సీసా, కళ్ళల్లో మాకు నచ్చని వెలుగు ఒకటీ తెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున్నే అందర్నీ వరసగా నిలబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టారు.

"కార్యాలయాల్లో సంభవించే సకల అనర్థాలకూ మూలమేమిటి? నోటిమాట! నోటిమాటకు నంబరుందా? తేదీ ఉందా? నకలుందా? గాల్లో పుట్టి గాల్లో పోయేదాని మీద పరిపాలన ఎలా నిలుస్తుందయ్యా? కావున నేటి నుంచి మన కార్యాలయం నోటిమాట రహిత కార్యాలయంగా ప్రకటించబడుతున్నది. రాష్ట్రంలో ప్రయోగాత్మకంగా ఎంపికైనవాటిలో మనదొకటి కావడం మన అదృష్టం. ఇది నేను మీతో మాట్లాడుతున్న ఆఖరి మాట."

"మరి టీలు చెప్పమంటారాండీ?" అన్నాడు అటెండరు నూకరాజు.

రాయుడు గారు ఒక చేత్తో నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో ఫోను చూపించారు.

ఫోనులో ఉన్నది ఒక యాప్. దాని పేరు మౌనిక. ఇకమీదట టీ కావాలన్నా, ఫైలు కావాలన్నా, పక్క కుర్చీలో ఉన్నవారి చీర బాగుందనాలన్నా మౌనికలోనే రాయాలి. అవతలివారు అందినట్టు మౌనికలోనే ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం ఆలస్యమైతే మౌనిక ఊరుకోదు, ఎంత రాత్రయినా, ఎక్కడున్నా గుర్తుచేస్తూనే ఉంటుంది.

మౌనిక వచ్చిన మొదటి వారంలోనే మా సిబ్బందిలో సగం మంది కాపురాల్లో నిప్పులు రాజుకున్నాయి. మా ఇంట్లో సంగతి చెబుతాను. నేను భోంచేస్తున్నాను. మా ఆవిడ సుభాషిణి చారు పోస్తోంది. పక్కనున్న ఫోను వెలిగింది. ‘మౌనిక మీ కోసం ఎదురుచూస్తోంది. ఇప్పుడే స్పందించండి.’

సుభాషిణి గరిట ఆగిపోయింది. "ఎవరండీ ఈవిడ?"

"ఆవిడ కాదు, యాప్."

"యాప్ అయితే ఎదురుచూడ్డమెందుకండీ?"

నేను సర్క్యులర్ మొత్తం చదివి వినిపించాను. ఆవిడ గరిట దించలేదు. చివరికి మా అమ్మాయి మేదిని, పదేళ్ళది, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "నాన్నకంత సీను లేదమ్మా" అని నన్ను గట్టెక్కించింది. గట్టెక్కించిన తీరుకు మనసు కొంచెం చివుక్కుమన్నా, చారు మాత్రం కంచంలో పడింది.

తర్వాత శబ్దమాపకం వచ్చింది. అది హాల్లో గోడకు బిగించిన ఒక పెట్టె. ఆఫీసులో ఎంత చప్పుడవుతోందో అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకె అదే క్షణంలో హైదరాబాదులోనో, విజయవాడలోనో, అసలు ఎక్కడుందో మాకెప్పుడూ తెలియని ప్రధాన కార్యాలయంలో కూడా కనిపిస్తుందట. చప్పుడు తక్కువైతే పచ్చ, పెరిగితే పసుపు, ఇంకా పెరిగితే ఎరుపు. పెట్టెలో రెండంకెలే ఉన్నాయి. అంతకు మించిన చప్పుడు రేవుల శాఖలో పుట్టదని కొన్నవారి ధీమా.

ఎరుపు పడకుండా చూసుకోవడమే ఇక మా ఉద్యోగమైపోయింది. ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయని కట్టేశాం. వేసవిలో, గోదావరి జిల్లాలో, ఫ్యాన్లు! నూకరాజు చెప్పులు విప్పి తిరిగాడు, అతన్ని చూసి మేమూ విప్పేశాం. కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీరుకుంటున్నాయని అన్ని కుర్చీలకూ మేజోళ్ళు తొడిగాం. నా పక్క సీటులోని ప్రసూనాంబ గారు చేతి గాజులకు దూది చుట్టుకున్నారు. ఆవిడ చెయ్యి చాచినప్పుడల్లా ఏ ఆసుపత్రి నుంచో లేచొచ్చినట్టుండేది. రాయుడు గారు మాత్రం మమ్మల్ని చూసి పొంగిపోయి, మౌనికలో రోజుకో చప్పట్ల బొమ్మ పంపేవారు.

చిక్కల్లా ఆయన తుమ్ములతోనే వచ్చింది. రాయుడు గారికి పాత కాగితాల దుమ్ము పడదు. తుమ్మితే వరసగా నాలుగు తుమ్ముతారు, బస్టాండులో ఉన్నవాళ్ళు చిరంజీవ అంటారు. తుమ్ముల మూలంగా రెండుసార్లు ఎరుపు పడేసరికి ఆయన బాగా ఆలోచించి, వెనకున్న రికార్డు రూమును ‘శబ్ద మండలం’గా ప్రకటించారు. తుమ్మేవారు, దగ్గేవారు, పెద్ద స్టేప్లరు కొట్టేవారు, జంతికలు తినేవారు అక్కడికి వెళ్ళి ఆ కార్యక్రమం ముగించుకుని రావాలి. తుమ్ము వచ్చేలోపు అక్కడికి చేరడం ఎలాగని ప్రసూనాంబ గారు మౌనికలో అడిగితే, ‘ముందస్తు ప్రణాళిక అవసరం’ అని జవాబొచ్చింది.

రికార్డు రూము తలుపుకు లోపలి గడియ ఏనాడో ఊడిపోయింది. బయట గొళ్ళెం పెడితేగానీ తలుపు మూసుకుని ఉండదు. అందుకని ఒకరు లోపలికెళితే మరొకరు బయట గొళ్ళెం వెయ్యాలి. పని అయ్యాక లోపలివారు మౌనికలో ‘శబ్ద విరమణ నివేదిక’ పంపాలి, అప్పుడు గొళ్ళెం తియ్యాలి. ఒకరోజు రాయుడు గారు రెండు తుమ్మి ఊపిరి తీసుకుంటుంటే, అయిపోయాయనుకుని ప్రసూనాంబ గారు తలుపు తీశారు. మిగతా రెండూ హాల్లో పేలాయి. ఎరుపు పడింది. అదే రోజు సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. ‘లోపలి వ్యక్తి నుండి శబ్ద విరమణ నివేదిక అందనిదే ఎట్టి పరిస్థితుల్లోనూ, ఎంతటి హోదా గల ఉద్యోగియైననూ గొళ్ళెము తీయరాదు.’

నియమాలన్నీ ఉద్యోగులకే. జనానికి వర్తించవు. ‘సందర్శకులు శబ్దించవచ్చును, అయితే తగ్గించి శబ్దించవలెను’ అని ఒక క్లాజుంది. లంక నుంచి ముత్యాలమ్మ అనే ఆవిడ బల్లకట్టు మోకు తెగిపోయేలా ఉందని చెప్పడానికి వచ్చింది. ఆవిడ చెప్పింది. మేం ఫోనులో జవాబు రాసి చూపించాం. ఆవిడకు చదువు రాదు. మా మొహాలు ఒక్కొక్కటీ పరీక్షగా చూసింది.

"ఏం బాబూ, అందరికీ ఒకేపాలి నోళ్ళు పడిపోయాయేంటి?" అంది.

మేం తల అడ్డంగా ఊపాం. ఆవిడ గోడ మీద వెలుగుతున్న అంకెల పెట్టెను చూసింది, మా వట్టి కాళ్ళు చూసింది, ఏదో అర్థమైనట్టు లెంపలు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ వారం కొబ్బరికాయ, చక్రకేళీ అరటిపళ్ళ అత్తం పట్టుకొచ్చి రాయుడు గారి బల్ల మీద పెట్టి, కళ్ళకద్దుకుంది. మౌనవ్రతం పట్టిన ఆఫీసని ఊళ్ళో చెప్పుకున్నారట. రాయుడు గారు దాన్ని ‘ప్రజల నుండి విశేష స్పందన’ అని ఫోటోతో సహా పైకి పంపారు. మోకు సంగతి అందులో లేదు.

ఇలా ఉండగా ఆ శుక్రవారం వచ్చింది.

మేదిని బడిలో వార్షికోత్సవం. వాళ్ళ తెలుగు మాస్టారు ‘దోమల దండయాత్ర’ అని ఒక నాటకం రాశారు. అందులో మా అమ్మాయి మహారాజు. గొంతు పెద్దదని ఇచ్చారు. రాజుగారు ప్రతి రంగంలోనూ గద ఎత్తి "ఎవరక్కడ!" అని గర్జించాలి. భటుడు పరుగెత్తుకొచ్చి "చిత్తం ప్రభూ!" అనాలి. నెల రోజులుగా మా ఇంట్లో ఆ భటుణ్ణి నేనే. పళ్ళు తోముకుంటున్నా, స్నానం చేస్తున్నా, వీధిలో కూరలు బేరమాడుతున్నా "ఎవరక్కడ!" అని వినబడితే ఎక్కడున్నవాణ్ణి అక్కడి నుంచే "చిత్తం ప్రభూ!" అనాలి. ఆఫీసులో నోరు కట్టేసుకున్నవాణ్ణి కావడంతో నాకూ అది హాయిగానే ఉండేది.

ఆ సాధనలో అట్టముక్కతో చేసిన కిరీటం విరిగింది. గురువారం సాయంత్రం దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"రేపు ఐదింటికి నాటకం నాన్నా. మాస్టారు ఏమన్నారంటే, కిరీటం లేకపోతే నన్ను భటుణ్ణి చేసేస్తారంట. రాజు శ్రీనిధి చేస్తుందంట. దానికి కిరీటం ఉంది. వాళ్ళ నాన్న కొనిచ్చారు."

‘వాళ్ళ నాన్న కొనిచ్చారు’ అన్నప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. "మా ఆఫీసులో పెద్ద స్టేప్లరుందమ్మా, ఏనుగు తలకి పెట్టినా ఊడకుండా కుట్టేస్తాను. నాలుగున్నరకల్లా కిరీటం నీ నెత్తి మీద ఉంటుంది" అని మాటిచ్చాను. బడి మా ఆఫీసు వెనక సందులోనే కదా అనుకున్నాను.

అదే శుక్రవారం మా ఆఫీసుకు ‘రాష్ట్ర మౌన పురస్కారం’ ఆఖరి తనిఖీ పడింది. మూడింటి నుంచి ఐదింటి దాకా సంచాలకులు వీడియోలో మా హాలును చూస్తారు, పెట్టె అంకెను చూస్తారు. మౌన తనిఖీ కాబట్టి మైకులు కట్టేసి ఉంటాయి. నాలుగింటికి వెళ్ళడానికి నాకు ముందే పర్మిషనుంది. మూడున్నరకు కిరీటం సంచిలో పెట్టుకుని, మౌనికలో ‘స్టేప్లింగు నిమిత్తం’ అని రాసి, శబ్ద మండలంలోకి వెళ్ళాను. నూకరాజు గొళ్ళెం వేశాడు.

దుమ్ములో కూర్చుని, ఏ కాలం నాటివో రేవు వేలంపాటల ఫైళ్ళ మీద కిరీటం పెట్టి, ఇష్టం వచ్చినంత చప్పుడుతో కుట్టాను. బంగారు కాగితం మళ్ళీ సర్దాను. చేతులు ఖాళీ లేక నా తల మీదే పెట్టుకుని చూశాను, నిలబడింది. ఇక నివేదిక పంపుదామని జేబులో చెయ్యి పెట్టాను. జేబులో ఫోను లేదు. మౌనిక బ్యాటరీని తాగేస్తుందని దాన్ని నా బల్ల మీద చార్జింగులో పెట్టి వచ్చాను.

తలుపు పైభాగంలో చిన్న గాజు పలక ఉంది. దానిలోంచి చూస్తే హాలంతా కనిపిస్తుంది. నూకరాజు లేడు. పూలగుత్తి తెమ్మని రాయుడు గారు పంపారట. వేలి కణుపుతో మెల్లగా తట్టాను. ప్రసూనాంబ గారు విన్నారు. ఆవిడ మంచివారు, వెంటనే ఫోను తీసి నాకు మెసేజి పెట్టారు. దూరంగా నా బల్ల మీద నా ఫోను నా కోసం వణికింది.

నేను గొళ్ళెం వైపు వేలు చూపించాను. ఆవిడ లేచి వచ్చి, తన ఫోను గాజుకు ఆనించారు. ‘మీ నుండి శబ్ద విరమణ నివేదిక రాలేదండి.’

నేను చెవి దగ్గర చెయ్యి పెట్టి, నా బల్లను చూపించి, రెండు చేతులూ జోడించాను. ఆవిడ మళ్ళీ రాశారు. ‘సైగలు రికార్డు కావండి. ఏమీ అనుకోకండి. కిరీటం మీకు చాలా బాగుంది.’

అయినా ఆవిడ నన్ను వదిలెయ్యలేదు. నా ఫోను పట్టుకొచ్చారు. అది తెరుచుకోవాలంటే నా మొహం కావాలి. మొహం లోపలుంది, ఫోను బయటుంది. ఆవిడ ముక్కాలి పీట ఎక్కి ఫోనును గాజు దగ్గర పెట్టారు. నేను అవతలి నుంచి మొహం ఆనించాను. గాజు మీద దుమ్ము. ‘ముఖం స్పష్టంగా లేదు’ అంది ఫోను. లోపలి వైపు చొక్కా చేతితో తుడిచాను. ‘తలపాగా తొలగించండి’ అంది. కిరీటం తీశాను. ‘ఎడమకు తిరగండి. కుడికి తిరగండి. కళ్ళు ఆర్పండి.’ అన్నీ చేశాను. పెళ్ళిచూపుల్లో కూడా అంత ఓపిగ్గా మొహం చూపించలేదు. చివరికి తెరుచుకుంది.

ప్రసూనాంబ గారు నా తరఫున నివేదిక నొక్కారు. మౌనిక ఒక్క క్షణం ఆలోచించి చెప్పింది. ‘మీరు శబ్ద మండలంలో లేరు. శబ్ద విరమణ నివేదికను శబ్ద మండలం లోపలి నుండి మాత్రమే పంపవలెను.’

ఫోను తలుపుకు జానెడు దూరంలో ఉంది. తలుపు కింద సందులోంచి తోద్దామని ఆవిడ కూర్చుని ప్రయత్నించారు. పట్టలేదు. కవరు తీసి ప్రయత్నించారు, మూల దూరి ఆగిపోయింది. గోడ గడియారంలో నాలుగు దాటిపోయింది.

అప్పుడు రాయుడు గారు వచ్చారు. కెమెరా వైపు ఒక చిరునవ్వు నవ్వి, నా వైపు ఒక చూపు చూసి, నిలబడి చాలాసేపు టైపు చేసి, గాజుకు ఆనించారు. ‘తమ ఇబ్బంది ఈ కార్యాలయం దృష్టికి వచ్చినది. అయితే ఫోను వెంట తీసుకొనిపోకుండుట తమ స్వయంకృతము. గొళ్ళెము తీయుటకు ఉత్తర్వు అనుమతించదు. సదరు ఉత్తర్వును సడలించుటకు నాకు అధికారము లేదు, దానిని జారీ చేయుటకు మాత్రమే అధికారము కలదు. తమ తరఫున మౌనికలో ఫిర్యాదు నమోదు చేయించితిని. ద్వార విషయమై ఉపసంఘమును నియమించితిని. అంతవరకు సంయమనము పాటించగలరు.’

ఉపసంఘంలో ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లున్నారు. వాళ్ళు వచ్చి తలుపును పై నుంచి కింద దాకా చూశారు, ఒకడు గొళ్ళేన్ని ఫోటో తీశాడు, ఇద్దరూ తలలూపుకుంటూ వెళ్ళిపోయారు.

నాకు మేదిని మొహం కళ్ళముందు మెదిలింది. బడి గేటు దగ్గర నిలబడి సందు మొదలు వైపు చూస్తూ ఉంటుంది. లోపల శ్రీనిధి కిరీటం సర్దుకుంటూ ఉంటుంది. ‘నాన్నకంత సీను లేదమ్మా’ అనే మాట సరదాకి అన్నదే. ఇవాళ్టితో అది నిజమైపోతుందని భయం వేసింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్నడూ చెయ్యని పని చేశాను. తలుపు మీద రెండు చేతులతో బాదాను.

"తలుపు తియ్యండి! మా అమ్మాయి రాజు! తలుపు తియ్యండయ్యా!"

పెట్టె పసుపుకు తిరిగింది. రాయుడు గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఆయన వేళ్ళు ఫోను మీద పరుగెత్తాయి, పది ఫోన్లు ఒకేసారి వణికాయి. అందరూ లేచి తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. హమ్మయ్య అనుకున్నాను. వాళ్ళు తెచ్చినవి పాత ఫైళ్ళ కట్టలు. ఒకదాని మీద ఒకటి తలుపుకు ఆనించి పేర్చారు, నా గొంతు బయటికి రాకుండా. కిటికీ పరదాలు తెచ్చి సందుల్లో కుక్కారు. చివరగా ప్రసూనాంబ గారు తన దూదిని గాజు చుట్టూ అంటించి, తడి కళ్ళతో ఫోను ఆనించారు. ‘క్షమించండి. మీరు మాకోసం చాలా త్యాగం చేస్తున్నారు.’ ఆ పైన ఒక కట్ట పడి గాజు కూడా మూసుకుపోయింది.

చీకట్లో కిరీటం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదని చెబితే అబద్ధం.

తర్వాత హాల్లో జరిగింది, తను రాకముందుది అందర్నీ అడిగి తెలుసుకుని మరీ, నాకు నూకరాజు చెప్పాడు, మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ తనే లేచి నటించి చూపించాడు.

ఐదవడానికి ఇంకా కొంచెం ముందు మేదిని వచ్చింది. ఒంటి మీద మఖ్మల్ అంగీ, కాటుకతో దిద్దిన మీసాలు, చేతిలో రేకు గద. నెత్తి ఒక్కటే బోడిగా ఉంది. సందర్శకుల బల్ల దగ్గర నిలబడి "మా నాన్న ఏరండీ?" అంది, నెమ్మదిగానే.

పదిమందీ టైపు చేశారు. పది ఫోన్లు దాని మొహం ముందుకు వచ్చాయి. ‘కార్యాలయ పని మీద ఉన్నారు.’ ‘లోపల ఉన్నారు.’ ‘వేచి ఉండండి.’ ‘ఉపసంఘం నివేదిక రావలసి ఉంది.’ మేదిని ఒక్కొక్కటీ చదివింది. వాళ్ళ మొహాలు చూసింది. ఖాళీగా ఉన్న నా కుర్చీ చూసింది, మేజోళ్ళు తొడిగిన దాని కాళ్ళు చూసింది. వాళ్ళ మాస్టారు నేర్పినట్టుగా కాళ్ళు ఎడంగా పెట్టి, గద భుజానికి ఎత్తి, పొట్టలోంచి గాలి పీల్చింది.

"ఎవరక్కడ!"

అప్పుడే పూలగుత్తితో గుమ్మంలోకి అడుగు పెడుతున్న నూకరాజు గుత్తి వదిలేసి, చేతులు కట్టుకుని "ఆయ్, చిత్తమండయ్యా!" అన్నాడు. హాలు మొత్తం లేచి నిలబడింది. రాయుడు గారు కూడా నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకు ఇప్పటికీ తెలియదు. అంత అధికారంగా నోటితో ఎవరైనా పిలిచి వాళ్ళకు నెలలైంది.

ఫైళ్ళ కట్టలు, పరదాలు, దూది, టేకు తలుపు, అన్నిటినీ దాటుకుని ఆ పిలుపు నా దాకా వచ్చింది. నేనేమీ ఆలోచించలేదు. నెల రోజుల అలవాటు.

"చిత్తం ప్రభూ!" అని లోపలి నుంచి అరిచాను.

మేదిని గదను తలుపు వైపు చాచింది. "ఆ చెత్తంతా తియ్యండి! తలుపు తెరవండి! ఊఁ!"

తీశారు. ఉపసంఘం సభ్యులిద్దరూ కట్టలు మోశారు. ప్రసూనాంబ గారు దూది పీకారు. గొళ్ళెం నూకరాజు తీశాడు. తలుపు కిర్రుమని తెరుచుకుంది. నేను బయటికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంటే, మేదిని తల వంచింది, కిరీటం పెట్టాను. చెక్కుచెదరకుండా నిలబడింది.

"ఆలస్యమైంది నాన్నా, పద" అంది మహారాజు, నా చెయ్యి పట్టుకుని.

పెట్టె సంగతి. "ఎవరక్కడ" అన్న క్షణాన అది పసుపు దాటి, ఎరుపు దాటి, తనకున్న రెండంకెల్నీ నింపేసి, ఇంక పోవడానికి చోటు లేక మళ్ళీ సున్నా సున్నా దగ్గరికి వచ్చి పచ్చగా నిలబడిపోయింది. వీడియోలో సంచాలకులకు మాట వినబడలేదు. ఆయనకు కనిపించిందల్లా సున్నా, గౌరవంగా లేచి నిలబడ్డ సిబ్బంది, మధ్యలో మీసాలతో ఒక బాలిక. మౌనికలో ప్రశ్న వచ్చింది. ‘వేషధారణలో ఉన్నది ఎవరు?’

రాయుడు గారి బుర్ర వెంటనే పనిచేసింది. ‘మౌనం ఆవశ్యకతపై ప్రజలలో చైతన్యము కలిగించు సాంస్కృతిక కార్యక్రమము’ అని రాశారు.

‘భేష్’ అని వచ్చింది. రాష్ట్ర మౌన పురస్కారం మాదే. నేను ఆ సమయానికి బడిలో రేకు కుర్చీలో కూర్చుని, దోమల సైన్యాన్ని మా అమ్మాయి చితగ్గొడుతుంటే చప్పట్లు కొడుతున్నాను. పక్కన సుభాషిణి గట్టిగా ఈల వేసింది. ఆవిడకు ఈల వచ్చునని పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసింది.

ఇక్కడితో అయిపోవలసిన సంగతే ఇది. కానీ మౌనిక దృష్టిలో నేనింకా బయటికి రాలేదు. శబ్ద విరమణ నివేదిక పంపలేదు కదా. నా ఫిర్యాదు ‘పరిశీలనలో’ ఉంది. రోజూ పొద్దున్న నా సీట్లో కూర్చుని హాజరు వేయబోతే ‘మీరు శబ్ద మండలంలో ఉన్నారు, దయచేసి ముందు బయటికి రండి’ అంటోంది. సెలవు పెడితే ‘లోపలనున్న ఉద్యోగికి ఊరు విడిచి వెళ్ళుటకు అనుమతి లేదు’ అని తిప్పి పంపింది. బావమరిది గృహప్రవేశానికి సుభాషిణి, మేదిని వెళ్ళొచ్చారు. నేను రికార్డు రూములో ఉన్నాను కనుక వెళ్ళలేదు.

చివరికి నెల తర్వాత ప్రధాన కార్యాలయం దయతలచి నా విముక్తికి అనుమతి ఇచ్చింది. అయితే విముక్తికి ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో జతచేస్తేనే ఫిర్యాదు మూసేస్తారట. అంటే నేను మళ్ళీ లోపలికెళ్ళాలి, గొళ్ళెం వెయ్యాలి, ఫోటో తియ్యాలి, నివేదిక పంపాలి, బయటికి రావాలి, ఇంకో ఫోటో తియ్యాలి. శనివారం ముహూర్తం పెట్టారు.

నేను మౌనికలో ఒక్క షరతు రాశాను. ‘ఆ సమయంలో ఒక సందర్శకురాలు హాజరుగా ఉండవలెను.’

‘హోదా?’ అని రాయుడు గారు అడిగారు.

‘మహారాజు’ అని రాశాను. ఆమోదించారు.

శనివారం నేను ఫోను జేబులో పెట్టుకుని, పెట్టుకున్నానో లేదో రెండుసార్లు తడిమి చూసుకుని లోపలికెళ్ళాను. నూకరాజు గొళ్ళెం వేశాడు. ఫోటో తీశారు. తలుపు పక్కనే స్టూలు మీద మేదిని, కిరీటం పెట్టుకుని, ముత్యాలమ్మ ఆ వారం తెచ్చిన అరటిపండు తింటూ కూర్చుంది. నేను నివేదిక నొక్కాను. ఫోనులో చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. ‘మౌనిక ఆలోచిస్తోంది.’ గాజులోంచి చూశాను. బయట అందరి ఫోన్లలోనూ అదే చక్రం తిరుగుతోంది. అందరూ దానివైపే చూస్తున్నారు. తిరుగుతూనే ఉంది.

మేదిని తొక్కను జాగ్రత్తగా స్టూలు అంచున పెట్టింది. చేతులు గౌనుకు తుడుచుకుంది. కిరీటం సర్దుకుని లేచి నిలబడి, కాళ్ళు ఎడంగా పెట్టింది.

"ఎవరక్కడ!"

నేను "చిత్తం ప్రభూ!" అనేలోపే గొళ్ళెం చప్పుడైంది. ఈసారి పరుగెత్తుకొచ్చి తీసింది రాయుడు గారు.